ఇరవై జానల గేరు

జూన్ 4

ఒరేయ్ తూనీగా,

సైకిలు షాపు మారానని రాశావు గానీ కొత్త అడ్రసు కవరు మీద సగమే రాసి ఆపేశావు. ఈ ఉత్తరం నీకు చేరిందంటే మీ పోస్ట్‌మ్యాన్ నీకంటే తెలివైనవాడన్నమాట. నాలుగేళ్ళలో ఇది ఐదో షాపు. బడి మానేసినప్పుడు మాస్టారి మీద నెట్టావు, ఇప్పుడు ఓనర్ల మీద నెడుతున్నావు.

నా సంగతి విను. కొండ మీది వాతావరణ కేంద్రంలో రీడింగులు తీసే పని నాకిచ్చారు. తొమ్మిదేళ్ళు కింద ఆఫీసులో కూర్చుని ఎవరో పంపిన వాన అంకెలు టైపు చేశాను. ఆ వాన కొలిచే డబ్బా ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదికి దాని మూత తీసేది నేనే. పాతాయన రిటైరయ్యాడు. మూడు నెలలు చూస్తామన్నారు మా ఆఫీసరు. ఆరుసార్లకు మించి ఆలస్యమైతే మళ్ళీ టైపు మిషను దగ్గరికే. ఎనిమిదంటే ఎనిమిదేనట. అన్ని కేంద్రాల్లోనూ ఒకే సమయానికి కొలవకపోతే ఆ అంకెలు పక్కపక్కన పెట్టి చూడ్డానికి పనికిరావట. నిజమే కదా.

చిక్కంతా దారితోనే. ఏడు కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు. పైకెళ్ళే జీపు తొమ్మిదికి గానీ కదలదు. కేంద్రం తాళంచెవి కింది ఆఫీసు వాచ్‌మన్ ఆరున్నరకు గానీ ఇవ్వడు. అందుకని నాన్న రేసు సైకిలు బయటికి తీశాను. నాలుగు కిలోమీటర్లు ఎలాగో లాగుతున్నాను. ఆ తర్వాత పెద్ద మలుపు దగ్గర పెడల్ కదలదు, గోడని తొక్కుతున్నట్టుంటుంది. దిగి నెట్టుకుంటూ పోతున్నాను. నిన్న ఎనిమిదికి రెండు నిమిషాల ముందు చేరాను. ఆయాసం తగ్గకముందే మూత తీశాను.

కొండలెక్కడానికి తేలిక గేరు పెట్టించుకోవచ్చట. ఇక్కడి షాపతనికి పంక్చర్లు తప్ప ఏమీ తెలియదు. ఏం మార్చాలో నువ్వు చెప్పు. ఈ పని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

నీ అక్క

జూన్ 10

అక్కా,

పోస్ట్‌మ్యాన్ నీ ఉత్తరం పక్కనున్న కళ్ళద్దాల షాపులో ఇచ్చిపోయాడు. వాళ్ళు రెండు రోజులు దాచి, చదివారో లేదో గానీ, మీ అక్క చేతిరాత బాగుందని చెప్పి ఇచ్చారు.

మంచి కబురు చెప్పావు. మా ఓనరుతో అంటే నమ్మలేదు. ఆయన్ని స్పోకు మాస్టారంటారు. చక్రాన్ని వేలితో మీటి, మోత విని ఏ పుల్ల వదులైందో చెప్పేస్తాడు. వాన కొలవడానికి ఒక మనిషి కావాలా, కిటికీలోంచి చెయ్యి చాపితే చాలదా అన్నాడు. అలా అంటే మా అక్క నీ చెవి మెలిపెడుతుందని చెప్పాను.

ఇక గేరు. ముందు పెడల్ దగ్గర రెండు పళ్ళ చక్రాలుంటాయి, పెద్ద పళ్లెం, చిన్న పళ్లెం అనుకో. వెనక చక్రానికి ఫ్రీవీల్, దాని మీద మెట్లలా ఐదు చిన్న పళ్ళ చక్రాలు. ముందు చిన్నది, వెనక అన్నిటికన్నా పెద్దది వేస్తే అదే నీకున్న తేలిక గేరు. నువ్వు తొక్కేది అదేనా? పళ్ళు లెక్కపెట్టమని అడగనులే. పళ్ళు లెక్కపెట్టడానికి నేనేమైనా పళ్ళ డాక్టరునా అనేవాడు కదా నాన్న. ఆయన పద్ధతిలోనే చెయ్యి. వరండాలో సైకిలు నిలబెట్టి చక్రం నేలకి ఆనిన చోట సుద్దగీత గియ్యి. పెడల్ సరిగ్గా ఒక్క చుట్టు తిరిగేదాకా ముందుకు నడిపించి, ఆగిన చోట ఇంకో గీత. మధ్యలో వేళ్ళు చాపి ఎన్ని జానలో కొలిచి రాయి. జానలు ఎక్కువైతే బరువు గేరు, తక్కువైతే తేలిక. అది చూసి ఏం మార్చాలో చెప్తాను.

ఒక్క మాట. నాన్న అదే సైకిలు మీద, అదే గేరుతో పందెంలో కొండెక్కాడు. కాలు కింద పెట్టలేదు. సైకిలు నీకిచ్చాడు, నాకు గాలి పంపు ఇచ్చాడు. ఆ పంపు కూడా ఇప్పుడు లీకు.

నీ తమ్ముడు

జూన్ 15

ఒరేయ్,

కొలిచాను. చైను ముందు చిన్న పళ్లెం మీద, వెనక పెద్ద మెట్టు మీద ఉంది. ఇరవై జానలు. రెండుసార్లు కొలిచాను, రెండుసార్లూ ఇరవై, ఒక వేలు అటూ ఇటూ. చిన్నప్పుడు నువ్వూ నాన్నా నేల మీద పాకుతుంటే నేను హ్యాండిలు పట్టుకుని నిలబడేదాన్ని. మొన్న మొదటిసారి నేను పాకాను. పక్కింటావిడ వచ్చి ఏం పారేసుకున్నావమ్మా అని తనూ వెతకడం మొదలుపెట్టింది.

రెండుసార్లు ఆలస్యమైంది. ఒకసారి ఆరు నిమిషాలు, ఒకసారి పదకొండు.

కానీ పని ఎంత బాగుందో చెప్పలేను. డబ్బాలో నీళ్ళు సన్నటి గాజు గొట్టంలోకి వంచుతాం. నీళ్ళు అంచుల దగ్గర పైకి పాకి, నడుమ కిందికి వంగుతాయి. ఆ వంపు అడుగు ఎక్కడుందో కన్ను దానికి సమానంగా పెట్టి చూడాలి. నిలబడి చూస్తే తప్పొస్తుంది. మొన్న ముప్పై ఒక్క మిల్లీమీటర్లు. ఎంతమంది మీద పడిందో ఆ వాన, ఎంత పడిందో ముందుగా తెలిసింది నాకొక్కదానికే. నవ్వకు.

ఏం పంపిస్తావో త్వరగా పంపించు.

నీ అక్క

జూన్ 20

అక్కా,

నీ జబ్బు దొరికింది, మందు కూడా అక్కర్లేదు.

ఇరవై జానలంటే అది పెద్ద పళ్లెం. చిన్న పళ్లెం మీద ఆ సైకిలుకి పదహారు జానలే రావాలి. నాన్నతో కలిసి వందసార్లు కొలిచాను, నాకు బాగా గుర్తు. నువ్వు ఇన్నాళ్ళూ పెద్ద పళ్లెం మీదే కొండెక్కుతున్నావు. అసలు అంతదూరం ఎలా పోయావే తల్లీ, రేసులో పేరివ్వాల్సింది. చైను కిందికి దిగిందని నువ్వు అనుకుంటున్నావు. పైనుంచి చూస్తే అలాగే అనిపిస్తుంది. మా షాపుకొచ్చే పెద్ద పెద్ద వాళ్ళే పొరపడతారు.

ముందు పళ్లేల పైన చైను పక్కకి నెట్టే చిన్న రేకు ఉంది చూడు, దాని మీద రెండు బుల్లి స్క్రూలు. లోపలి వైపుది రెండు చుట్లు వదులు చెయ్యి. అప్పుడు చైను చిన్న పళ్లెం మీదికి దిగుతుంది, నువ్వు పాట పాడుకుంటూ ఎక్కుతావు. కొత్త సామాను ఏమీ వద్దు. నాన్న బిగించినవి బిగించినట్టే ఉంచు.

స్పోకు మాస్టారికీ నాకూ చిన్న గొడవైంది. ఇక్కడ ఎన్నాళ్ళుంటానో తెలియదు. ఉత్తరాలు మాత్రం ఇక్కడికే రాయి.

నీ తమ్ముడు

జూన్ 27

ఒరేయ్,

నువ్వు చెప్పినట్టే స్క్రూ రెండు చుట్లు వదులు చేశాను. మలుపు దగ్గర లివరు కదిపితే చైను చిన్న పళ్లెం మీంచి కూడా జారి లోపలికి పడి, ఫ్రేముకీ ఇరుసుకీ మధ్య ఇరుక్కుంది. రోడ్డు పక్కన కూర్చుని పుల్లతో, వేళ్ళతో, చివరికి గొడుగు ఊచతో లాగాను. ఎనిమిదీ నలభైకి చేరాను. రికార్డు కాగితం మీద నా బొటనవేలి గ్రీజు ముద్ర పడింది, చెరిపితే ఇంకా పాకింది. అది అలాగే ఆఫీసుకెళ్ళింది. ఇది నాలుగోసారి.

చిన్న పళ్లెం లోపల ఇంకో పళ్లెం లేదురా. ఇనుమే ఉంది. నాకు పెద్దదేదో చిన్నదేదో తెలుసు. స్క్రూ మళ్ళీ బిగించాను. మళ్ళీ కొలిచాను. ఇరవై జానలే.

నాన్న బిగించినవి అని రాశావు. నాన్న పందెం కోసం ఏడాదికి రెండుసార్లు కొండెక్కాడు. నేను రోజూ ఎక్కాలి, ఎక్కాక కళ్ళు తిరగకుండా ఒక గీత చదవాలి. వెనకాల పెద్ద ఫ్రీవీల్ ఏదైనా ఉంటే పంపించు. లేదంటే లేదని రాయి, ఇంకెవరినైనా అడుగుతాను.

నీ అక్క

జూలై 3

అక్కా,

నీకు కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది, ఉత్తరం చివర్లో అక్షరాలు బాణాల్లా ఉన్నాయి. కానీ కొలత అబద్ధం చెప్పదు కదా. ఇరవై అంటే నేనేం చెయ్యను? అది పెద్ద పళ్లెమే. ఎక్కడో నువ్వు పొరపడుతున్నావు.

పెద్ద ఫ్రీవీల్ సంగతి. అది పెడితే మెట్టుకీ మెట్టుకీ మధ్య తేడా పెరిగిపోతుంది, ఒక గేరు మరీ బరువు, పక్కది మరీ తేలిక. చదునులో కాళ్ళు ఊరికే గింగిరాలు తిరుగుతాయి. చైను పొడవు చాలదు. వెనకాల చైను మార్చే చెయ్యి పొట్టిది, అంత పెద్ద మెట్టుని అందుకోదు, అదీ మార్చాలి. ఒకటి కదిపితే నాలుగు కదుల్తాయి. చివరికి అది నాన్న సైకిలులా ఉండదు, కూరగాయల బండిలా ఉంటుంది.

నా మాట విను. మలుపు రాగానే సీటు మీంచి లే. ఒళ్ళు బరువంతా పెడల్ మీద వెయ్యి. కూర్చుని తొక్కితే ఎవరికైనా గోడే. నిలబడి నెమ్మదిగా, గట్టిగా, ఒక్కో కాలు. రెండు వారాల్లో కాళ్ళు అలవాటు పడతాయి. నాన్న నాకు అలాగే నేర్పాడు.

ఎప్పుడైనా పది నిమిషాలు అటూ ఇటూ అయితే కాగితం మీద ఎనిమిదని రాసెయ్యి. అక్కడ నిన్ను చూసేది ఎవరు, మేకలేగా.

నీ తమ్ముడు

జూలై 19

తమ్ముడూ,

కుడి మోకాలు వాచింది. నువ్వు చెప్పినట్టే నిలబడి తొక్కాను, తొమ్మిది రోజులు. పదో రోజు మలుపు దగ్గర లోపల ఏదో కలుక్కుమంది. అయినా కుంటుకుంటూ నెట్టుకెళ్ళి రీడింగు తీశాను. ఎనిమిదీ ఇరవై రెండు. అది ఏడోసారి. దిగేటప్పుడు ఎవరో ట్రాక్టరతను సైకిలునీ నన్నూ కలిపి ఎక్కించుకుని తెచ్చాడు. బరువు గేరు మీద బలంగా తొక్కడం వల్లేనని డాక్టరు చెప్పాడు. నాలుగు వారాలు తొక్కకూడదు.

ఆఫీసరు ఇంటికొచ్చారు. మంచాయన. కుర్చీ తనే లాక్కుని కూర్చుని, ఇచ్చిన నీళ్ళు పక్కన పెట్టేశారు. “అమ్మా, మీరు రాసిన టైములు చూసే నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మీరు రాయకపోతే మాకు తెలిసేదే కాదు” అన్నారు. నాకు చెప్పడం ఆయనకే కష్టంగా ఉంది. నేనే ఆయన్ని సముదాయించాను. మోకాలు నెమ్మదించాక మళ్ళీ టైపు సెక్షన్లో చేరతాను. కేంద్రానికి వేరే అబ్బాయిని వేశారు, అతనికి మోటారు సైకిలుంది.

నువ్వు ఎనిమిదని రాసెయ్యమన్నావు. ఎనిమిదీ ఇరవైకి కొలిచిన నీళ్ళు ఎనిమిది గంటల నీళ్ళు ఎలా అవుతాయిరా? ఆ ఇరవై నిమిషాల్లో కూడా వాన పడుతూనే ఉండేది.

కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఏమీ తోచక సైకిలు దగ్గరికి లాక్కుని పళ్ళు లెక్కపెట్టాను. నా డాక్టరు మోకాలి డాక్టరు, పళ్ళు నేనే చూసుకోవాలి కదా. ముందు చిన్న పళ్లానికి నలభై రెండు. పెద్దదానికి యాభై రెండు. వెనక పెద్ద మెట్టుకి ఇరవై నాలుగు. చైను నలభై రెండు మీదే ఉంది. మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది.

నీ అక్క

జూలై 24

అక్కా,

నీ ఉత్తరం చదివి, షాపులో అలాంటి పళ్ళే ఉన్న సైకిలొకటి నేల మీద పెట్టి కొలిచాను. నలభై రెండు, ఇరవై నాలుగు. నా జానతో పదహారు. కళ్ళద్దాల షాపులో పనిచేసే అమ్మాయిని పిలిచి ఆవిడ జానతో కొలవమన్నాను. ఇరవై.

నీది చిన్న చెయ్యి. నాన్నది, నాది ఒకటే చెయ్యి. నువ్వు ఎప్పుడూ హ్యాండిలు పట్టుకునేదానివని ఉత్తరంలో రాశావు కూడా. అది చదివి కూడా నాకు వెలగలేదు. రెండుసార్లు ఇరవై అన్నావు, రెండుసార్లూ నీకు పళ్లేలు తెలియవన్నాను.

అక్కడితో ఆపేసి కొలతలో పొరపాటైంది, క్షమించు అని రాయొచ్చు. రాసి కవరులో పెట్టాను కూడా. మళ్ళీ చింపాను. అది సగమే.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు మా షాపులో ముప్పై రెండు పళ్ళ ఫ్రీవీల్ ఉంది. నా బల్ల ఎదురుగానే మేకుకి వేలాడుతోంది. ఉత్తరం చదివి తలెత్తి దాన్నే చూశాను. అది పంపితే నీ పని అయిపోయేది. ఆ గేరు నా జానతో పన్నెండే, కూర్చునే ఎక్కుతావు. కానీ అన్నం పళ్లెమంత ఆ చక్రం నాన్న సైకిలు వెనకాల ఊహించుకుంటే నాకు నచ్చలేదు. ఆ సైకిలు నాకు రాలేదు. కనీసం ఆయన ఉంచినట్టే ఉండనీ అనుకున్నాను. ఆయన పోయాక నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వచ్చి దాన్ని చూడనివాణ్ణి. నీ ఇరవై జానలు చూడగానే నాకు ఊపిరొచ్చింది. హమ్మయ్య, మార్చక్కర్లేదు అనుకున్నాను. నువ్వు కాదు అన్న ప్రతిసారీ ఆ ఇరవైని పట్టుకుని వేలాడాను. చైను పొడవు, వెనక చెయ్యి పొట్టి, అవన్నీ నిజమే, కానీ అరగంట పని.

ఫ్రీవీల్, కొత్త చైను, వెనకాలకి పొడవు చెయ్యి ఈ రోజే పార్సిల్ చేశాను. ఎలా బిగించాలో మీ పంక్చరతనికి నాలుగు పేజీలు విడిగా రాశాను. కావాలంటే నేనే వస్తాను. మీ ఆఫీసరుతో మాట్లాడతాను, తప్పు నాదని చెప్తాను.

నీ తమ్ముడు

ఆగస్టు 2

తమ్ముడూ,

పార్సిల్ అందింది. విప్పలేదు, మంచం కింద పెట్టాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జాన సంగతికి నాకు నవ్వే వచ్చింది. నేనూ అడగలేదు కదా, ఎవరి జానతో అని. మేకుకి వేలాడుతున్న దాన్ని చూస్తూ నన్ను నిలబడి తొక్కమని రాశావు చూడు, అక్కడ మాత్రం నవ్వు రాలేదు.

ఆఫీసరుతో ఏమీ మాట్లాడొద్దు. ఆయన ఏం చెయ్యగలరు? ఆలస్యంగా వెళ్ళింది నేనే.

సైకిలు నాకెందుకిచ్చాడో నీకు తెలుసనే అనుకున్నాను. నువ్వు అలిగావని ఇప్పుడు తెలిసింది. ఆసుపత్రిలో నేనే అడిగాను, వాడికివ్వు నాన్నా, వాడు నీలా తొక్కుతాడు అని. “వాడికిస్తే దాన్నెక్కి వెళ్ళిపోతాడు. నీ దగ్గరుంటే దాన్ని చూడ్డానికైనా ఇంటికొస్తుంటాడు” అన్నాడు. ఇది నీకు అప్పుడే చెప్పాల్సింది. రమ్మని నిన్ను పిలుస్తున్నట్టుంటుందని చెప్పలేదు. పిలవాల్సిందే, నాదీ తప్పే.

ఇప్పుడు మాత్రం రాకు. నిన్ను చూస్తే ఏదో ఒకటి అనేస్తాను, అన్నాక నేనే బాధపడతాను. కొన్నాళ్ళు పోనీ.

సోమవారం నుంచి టైపు సెక్షన్. నా పాత కుర్చీ ఎవరూ మార్చలేదు, దిండు కూడా అలాగే ఉంది.

నీ అక్క

ఆగస్టు 21

అక్కా,

నాన్న మాట నువ్వు రాశాక ఉత్తరం మొదలుపెట్టి చాలాసార్లు ఆపేశాను. దాని గురించి రాయలేను, ఇంకెప్పుడైనా చెప్తాను.

రావద్దన్నావు, రాను. రమ్మన్న రోజున వస్తాను.

ఇదే షాపులో ఉన్నాను. స్పోకు మాస్టారు చక్రాలు సరిచెయ్యడం నేర్పుతున్నాడు. చెయ్యి తొందర పడుతోందట నాది. రోజూ ఒకే చక్రం ఇచ్చి విప్పించి మళ్ళీ బిగించమంటున్నాడు. విసుగొస్తోంది, అయినా ఉన్నాను.

మోకాలు ఎలా ఉంది? తగ్గాక ఫ్రీవీల్ బిగించుకుంటే, సరిపోయిందో లేదో ఒక్క ముక్క రాయి. అంతే అడుగుతున్నాను.

నీ తమ్ముడు

సెప్టెంబర్ 16

తమ్ముడూ,

పంక్చరతను శనివారం బిగించాడు. నీ నాలుగు పేజీలు పక్కన పరుచుకుని, గాలికి ఎగరకుండా పానాలు బరువు పెట్టి, చదువుతూ చేశాడు. మీ తమ్ముడు మాస్టారా అని అడిగాడు. బడి మానేశాడని చెప్పాను, నమ్మలేదు.

ఆదివారం సెలవు కదా, కొండెక్కాను. మలుపు దగ్గర పెడల్ తిరిగింది. నెమ్మదిగానే, కానీ ఆగలేదు. ఒక్కసారి కూడా సీటు మీంచి లేవలేదు. కాలు కింద పెట్టలేదు. చెట్ల మధ్య ఒక పిట్ట అరుస్తుంటే తలతిప్పి చూడగలిగాను. ఆ దారిలో పిట్టలున్నాయని ఎప్పుడూ గమనించలేదు, నా ఊపిరి చప్పుడే వినపడేది.

గేటు తాళం వేసి ఉంది. బయట పిట్టగోడ మీద కూర్చున్నాను. కొత్తబ్బాయి ఎనిమిదికి పది నిమిషాలుండగా వచ్చాడు. నేను తనిఖీకి వచ్చాననుకుని బిగుసుకుపోయాడు. ఊరికే చూడ్డానికొచ్చానని చెప్పాను. మంచివాడు, పని శుభ్రంగా చేస్తాడు. సరిగ్గా ఎనిమిదికి మూత తీశాడు. గొట్టంలోకి వంచి, నా వైపు చూసి, “మీరు చూస్తారా అక్కా?” అన్నాడు. వంగి చూశాను. నాలుగు పాయింట్ రెండు. పైకి చెప్పలేదు. తర్వాత అతను వంగి చూసి, నాలుగు పాయింట్ రెండు అని రాసుకున్నాడు.

సోమవారం ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. టైపు చేశాను.

సరిపోయిందా అని అడిగావు. సరిపోయింది. మోకాలు నొప్పి లేదు. కావాలనే ఆరున్నరకు బయల్దేరాను, ఏడూ ఇరవై ఎనిమిదికి పైనున్నాను. ఆ ఏడు వారాల్లోనూ నేను బయల్దేరింది ఆరున్నరకే.

నీ అక్క